ఊళ్లో విత్తనాల బ్యాంకు పెట్టుకోవడం ఎలా: నాటు రకాలు వెతకడం నుంచి మళ్లీ సాలులో పడేదాకా

మా ఇంట్లో నల్ల కంది ఒక రేకు డబ్బాలో ఉండేది. మూడు కిలోలకు కొంచెం తక్కువ. ఊళ్లో ఇంకెవరి దగ్గరా ఆ రకం లేదని తెలిసి, భద్రంగా ఉండాలని మొత్తం ఒక్కచోటే పెట్టాను. మృగశిర కార్తెలో మూత తీస్తే గింజగింజకూ గుండ్రటి బొక్క, అడుగున పిండి. బాగున్నట్టు కనిపించినవి నాలుగు గుప్పెళ్లు ఏరి తడిపితే పదకొండు మొలిచాయి. వాటిలో కాపుకొచ్చినవి నాలుగు. నాలుగు మొక్కల కందిని రకం అనలేం. ఎందుకు అనలేమో కింద చెబుతాను.

రెండేళ్ల తరవాత పొరుగు మండలంలో ఒక అవ్వ ఇంట్లో, పేడతో అలికిన చిన్న వెదురు బుట్టలో, అదే కంది కనిపించింది. ఆమె ఏటా జొన్న చేలో రెండు సాళ్లు వేసుకుంటూ, అడిగినవాళ్లకు దోసెడు ఇస్తూ వచ్చింది. నా దగ్గర పోయింది, ఆమె దగ్గర బతికింది. ఈ మార్గదర్శిలోని పద్ధతులు చాలావరకు అలాంటి అవ్వల దగ్గర నేర్చుకున్నవి. కొలతలు, అంకెలు విత్తన శాస్త్రం నుంచి తీసుకున్నవి. రెండూ ఎక్కడ కలుస్తాయో చూపించడానికి ప్రయత్నిస్తాను.

ఈ పనికి మన దగ్గర మంచి బడి జహీరాబాదు ప్రాంతం. సంగారెడ్డి జిల్లా పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని మహిళా సంఘాలు ఎర్ర చెలకల్లో పచ్చ జొన్న, సాయి జొన్న, కొర్ర, సామ, తెల్ల కంది, అనుములు, అవిశెలు కలిపి పండిస్తూ ఊరూరా విత్తనాలు నిలబెట్టాయి. ఏటా సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద ఈ విత్తనాలు ఊళ్లు తిరుగుతాయి. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజు ఈ సంస్థకు వచ్చింది. విత్తనాల బ్యాంకు పెట్టాలనుకునేవాళ్లు ముందు ఒకసారి జాతరకు వెళ్లి, ఆ బండ్ల పక్కన నిలబడి అడగండి. పుస్తకాల్లో దొరకని సంగతులు అక్కడ దొరుకుతాయి.

ఎందుకింత పట్టుదల

స్వర్ణ వరి అందరికీ తెలుసు. ఎం.టి.యు. 7029 అన్నా అదే. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టి తూర్పు భారతమంతా పాకింది. కానీ వారం రోజులు నీట మునిగితే కుళ్లిపోయేది. దానికి మునకను ఓర్చుకునే గుణం ఒడిశా రైతుల పాత ముంపు వరి నుంచి వచ్చింది. ఆ పాత రకం నుంచి ఎంపిక చేసిన ఎఫ్.ఆర్. 13ఎ లోని జన్యువును స్వర్ణలోకి ఎక్కించి, 2009లో స్వర్ణ సబ్-1 పేరుతో మన దేశంలో విడుదల చేశారు. ఇది రెండు వారాల దాకా మునిగినా మళ్లీ లేస్తుంది. ఒడిశాలో ఆ వడ్లను ఎవరూ దాచకపోయి ఉంటే ఇప్పుడు వెతికినా దొరికేది కాదు.

ఇంకో ఉదాహరణ. 1970ల్లో గ్రాసీ స్టంట్ అనే వైరస్ తెగులు ఆసియా వరి పొలాలను కుదిపేసింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆరు వేలకు పైగా నమూనాలు పరీక్షిస్తే తట్టుకున్నది ఒక్కటే, ఉత్తరప్రదేశ్ నుంచి సేకరించిన ఒక అడవి వరి. అది చూడటానికి కలుపు మొక్కలాగే ఉంటుంది. ఏది పనికొస్తుందో ముందుగా మనకు తెలియదు కాబట్టే, ఇప్పుడు పనికిరాదనిపించే రకాన్ని కూడా దాచాలి.

మొదటి అడుగు: వెతకడం, రాసుకోవడం

డబ్బాలు, బీరువాలు తరవాత కొనవచ్చు. ముందు ఒక లావు నోటుపుస్తకం కొనండి.

ఊళ్లో అరవై దాటిన ఆడవాళ్ల దగ్గరికి వెళ్లండి. విత్తనం దాచే పని మన పల్లెల్లో ఎక్కువగా వాళ్లదే. మగవాళ్లను అడిగితే ఎకరానికి ఎన్ని బస్తాలు వచ్చేవో చెబుతారు. ఆడవాళ్లను అడిగితే ఏ జొన్న రొట్టె మూడో పూటకూ మెత్తగా ఉంటుందో, ఏ కంది పప్పు తొందరగా ఉడుకుతుందో, బాలింతకు ఏ వడ్ల బియ్యం పెడతారో చెబుతారు. మనకు కావలసింది రెండూ.

అడిగే పద్ధతి కూడా ముఖ్యం. "మీ దగ్గర పాత విత్తనాలు ఉన్నాయా" అంటే "ఎక్కడివి నాయనా, అన్నీ పోయినయి" అంటారు. "పుష్యమాసంలో రొట్టెకు ఏ పిండి వాడేవాళ్లు", "గట్టు మీద ఏం వేసేవాళ్లు", "పండుగకు నవధాన్యాలు ఎక్కడి నుంచి తెచ్చేవాళ్లు" అని అడగండి. మాట మాటగా వెళ్తే అటక మీద బుట్ట కిందికి దిగుతుంది. మన్యం వైపు అయితే పోడు చేలు చూడండి. అక్కడ చోళ్లు, సామలు, వలిసెలు, కొండ కంది ఇంకా కలిపి వేస్తారు. పెరళ్లు మరిచిపోవద్దు. పందిరి చిక్కుడు, గట్టు బీర, దోస, మిరప నాటు రకాలు చాలావరకు ఇంటి వెనకే బతికున్నాయి.

ప్రతి రకానికీ పుస్తకంలో ఒక పేజీ కేటాయించండి. ఇచ్చినవాళ్ల పేరు, ఊరు, తేదీ. వాళ్లు దాన్ని ఏమని పిలుస్తారు. ఎన్నేళ్లుగా వేస్తున్నారు, వాళ్లకు ఎవరిచ్చారు. ఏ నేల, వానాకాలమా యాసంగా, ఏ కార్తెలో విత్తుతారు, ఎన్ని రోజులకు కోస్తారు. వాన లేకపోతే ఏమవుతుంది, ఎక్కువైతే ఏమవుతుంది. ఏ పురుగు పడుతుంది, ఏది పట్టదు. గడ్డి పశువులు తింటాయా. వంటలో దేనికి మంచిది. ఒక కంకినో కాయనో పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీసుకోండి.

పేర్లతో జాగ్రత్త. ఒకే రకానికి మూడు ఊళ్లలో మూడు పేర్లుంటాయి. "ఎర్ర జొన్న" అనే ఒక్క పేరు కింద మూడు వేరే వేరే జొన్నలూ ఉండవచ్చు. పేరు కలిసింది కదా అని గింజలు కలపకండి. చేలో పక్కపక్కన ఒక పంటకాలం వేసి, ఎత్తు, పూత రోజు, కంకి ఆకారం, గింజ రంగు చూశాకే ఒకటో రెండో తేల్చుకోవాలి. అత్తాకోడళ్ల జొన్న లాంటివి గుర్తుపట్టడం తేలిక. ఒకే పొట్టులో రెండు గింజలుంటాయి. అన్నీ అంత తేలిక కాదు.

దుకాణంలో కొన్న హైబ్రిడ్‌ని దాచకండి. దాని గింజ మరుసటి ఏడు తల్లిలా రాదు, ఎత్తులూ కాపూ చెదిరిపోతాయి. పరిశోధన కేంద్రాల సూటి రకాలు, అంటే హైబ్రిడ్ కానివి, దాచవచ్చు, కానీ మన పని ముందు ఎక్కడా దొరకని నాటు రకాల కోసం.

రెండో అడుగు: ఎన్ని మొక్కల నుంచి తీసుకోవాలి

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. నేనూ చేశాను. చేలో తిరిగి, అన్నిటికంటే పెద్ద కంకి ఒకటి కోసుకొచ్చి "ఇదిగో విత్తనం" అంటాం. అది పోటీకి పనికొస్తుంది, రకం నిలబెట్టడానికి చాలదు.

నాటు రకం ఒక కుటుంబం లాంటిది. చూడటానికి అన్నీ ఒకేలా ఉన్నా, లోపల ఒక మొక్క వారం ముందు పూస్తుంది, ఒకటి బెట్టకు ఆగుతుంది, ఇంకోటి తెగులుకు లొంగదు. వాన ఒక ఏడు తొందరగా ఆగిపోతే ముందు పూసినవి గట్టెక్కిస్తాయి, మరో ఏడు ఆలస్యంగా కురిస్తే వెనక పూసినవి. ఒక్క మొక్క గింజలే తీసుకుంటే ఆ మిగతావాళ్లంతా పోయినట్టే. నా నాలుగు కంది మొక్కలను రకం అనలేనన్నది అందుకే.

వరి, కొర్ర, రాగి, సామ, పెసర, మినుము, శనగ, వేరుశనగ ఎక్కువగా తమ పూత తామే ఫలదీకరించుకుంటాయి. వీటికి కనీసం 40, 50 మొక్కల నుంచి కొంచెం కొంచెం తీసుకోండి. సజ్జ, మొక్కజొన్న, ఆముదం, కుసుమ, నువ్వు, కందిలో పక్క మొక్కల పుప్పొడి కలుస్తుంది. వీటికి 100 మొక్కలకు తగ్గవద్దు. జొన్న మధ్యలో ఉంటుంది, దాన్నీ రెండో గుంపులోనే లెక్కేసుకోవడం మంచిది. తీగ కూరగాయలకు పెరట్లో అన్ని మొక్కలు కుదరవు, కాబట్టి నాలుగైదు ఇళ్లవాళ్లు అదే రకం వేసి గింజలు కలుపుకోండి.

మూడో అడుగు: చేలో వేయడం

విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అని సామెత. కందిలో మొలుస్తుంది. తేనెటీగలు ఒక చేను పుప్పొడిని ఇంకో చేనుకు మోస్తాయి, నల్ల కంది వేసిన చోట రెండేళ్లకు గోధుమ రంగు గింజలు కనిపిస్తాయి. అందుకే దూరం లెక్క తెలియాలి.

వరికి, వేరుశనగకు మూడు మీటర్ల ఎడం చాలు. టమాటకు 50 మీటర్లు ఉంటే మంచిది. జొన్న, సజ్జ, మొక్కజొన్నలకు కనీసం 200 మీటర్లు. కంది, వంకాయలకు 100 నుంచి 200. మిరప, బెండకు 200 నుంచి 400. బీర, సొర, కాకర వంటి తీగలకు అర కిలోమీటరు నుంచి కిలోమీటరు. రెండెకరాల రైతుకు ఇంత దూరం ఎక్కడిది అంటారు. నిజమే. అందుకు మార్గాలున్నాయి.

మొదటిది, కాలం తేడా. పక్క చేలో జొన్న పూత అయిపోయాక మనది పూసేలా మూడు, నాలుగు వారాలు ఎడంగా విత్తడం. వానాధారంలో ఇది అన్నివేళలా కుదరదు.

రెండోది, కంకులకు సంచులు. జొన్న కంకి పొట్ట నుంచి బయటికి వచ్చి, పూత మొదలుకాక ముందే కాగితం సంచో పలుచటి గుడ్డ సంచో తొడిగి కాడ దగ్గర కట్టాలి. జొన్న పై నుంచి కిందికి పూస్తుంది. పైన పసుపు పుప్పొడి కనిపించిందంటే అప్పటికే ఆలస్యమైంది. గింజ పాలు పోసుకున్నాక సంచి తీసేయండి, లేకపోతే లోపల బూజు పడుతుంది. కందికైతే దోమతెర గుడ్డతో ఒక వరుసకు గుడారం వేయవచ్చు. పురుగులు రాకపోయినా కంది తన పూతతో తాను కాయగలదు.

మూడోది, తీగలకు చేతి పరాగం. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది. కాబట్టి ముందురోజు సాయంత్రం, మర్నాడు విచ్చుకోబోయే మగ మొగ్గను, ఆడ మొగ్గను దారంతో కట్టేయాలి. పొద్దున్నే మగపువ్వు కోసి, రేకులు ఒలిచి, ఆడపువ్వు మధ్య రుద్ది, మళ్లీ కట్టి, కాడకు రంగు దారం ముడివేయాలి. బీర, సొర మాత్రం సాయంత్రం పూస్తాయి, వాటికి ఈ పని పొద్దుగూకే వేళ. ఆ రంగు దారం కాయను ఇంట్లో ఎవరూ కూరకు కోయకుండా చూసుకోవడం మీ బాధ్యత.

ఇక అసలు సేద్యం. దాచిన రకాలన్నిటికీ విడివిడి మడులు కట్టి ప్రదర్శనశాల పెట్టవద్దు. కలిపి వేయండి. మా దిక్కు ఎర్ర చెలకలో జొన్న నాలుగు సాళ్లకు కంది ఒక సాలు, మధ్యలో కొర్ర, పెసర, బొబ్బర, అనుములు, అంచున గోగు, నువ్వు, ఆముదం. పెసర రెండు నెలలకే చేతికొస్తుంది, కొర్ర మూడు నెలలకు, జొన్న నాలుగు నెలలకు, కంది పుష్యమాసానికి. వాన ఏ నెలలో మోసం చేసినా ఒక పంట ఉంటుంది. పప్పు జాతులు నేలకు నత్రజని ఇస్తాయి. వేసిన వంగడం వాన, నేల, పురుగులతో ఏటా సర్దుకుంటూ ఉంటుంది. శీతల గదిలో ఉన్న గింజ ఇరవై ఏళ్ల కిందటి వాతావరణంలోనే ఆగిపోతుంది. చేలో ఉన్నది మనతోపాటే మారుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయంలో వానలకు ముందే నవధాన్యాలు చల్లే పద్ధతి చాలా ఊళ్లకు చేరింది. అందులో కొన్న విత్తనం బదులు ఊరి విత్తనం పడితే ఒకే పనితో రెండు లాభాలు.

ఆ చేలోనే మధ్యలో, గట్టుకు దూరంగా, బలం సమంగా ఉన్నచోట కొన్ని సాళ్లు విత్తనానికి కేటాయించి కర్ర పాతండి. పూత ముందు ఒకసారి, పూతలో ఒకసారి, కోతకు ముందు ఒకసారి నడిచి కేళీలు, అంటే రకంలో కలవని మొక్కలు, తీసేయాలి. ఎత్తు తేడా ఉన్నవి, రోగం పట్టినవి, కంకి ఆకారం వేరుగా ఉన్నవి. కానీ మరీ కత్తిరించినట్టు ఒకేలా చేయకండి. పూత నాలుగు రోజులు అటూ ఇటూ ఉంటే అది బెరుకు (వేరే రకం కలవడం) కాదు, రకంలోని సహజమైన తేడా. వేరుగా ఉన్న మొక్క నిజంగా బాగుంటే పీకేయకుండా గుర్తుపెట్టి విడిగా కోసుకోండి.

కోతకు రెండు రోజుల ముందే విత్తనం ఏరుకోవడం మన పాత అలవాటు. కల్లంలో కుప్ప పోశాక ఏరితే గింజ లావు మాత్రమే కనిపిస్తుంది, మొక్క ఎలా ఉందో తెలియదు. చేలో నిలబడి ఉన్నప్పుడే చూసి కోసుకోండి.

నాలుగో అడుగు: ఆరబెట్టడం

బ్యాంకు నిలబడేది ఇక్కడే. కూలేది కూడా ఇక్కడే.

విత్తన శాస్త్రంలో ఒక పాత లెక్క ఉంది. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపు అవుతుంది. దాచిన చోట వేడి అయిదు డిగ్రీలు తగ్గినా అంతే. మన ఊళ్లలో ఎండాకాలం వేడిని తగ్గించలేం, తేమను తగ్గించగలం. వడ్లు 13 శాతం లోపు, జొన్న, చిరుధాన్యాలు 12 లోపు, పప్పు గింజలు, వేరుశనగ 9 లోపు, మిరప, వంగ లాంటి కూరగాయలు 8 లోపు ఉండాలి. ఇది బుట్టలో, గోనె సంచిలో దాచడానికి. గాలి చొరని డబ్బాలో పెట్టేటట్టయితే ఇంకా ఆరాలి, వడ్లు, పప్పు జాతులు 8 శాతం, కూరగాయ గింజలు 6 శాతం. తేమ ఉన్న గింజను సీలు వేస్తే అది తన ఊపిరితో తానే ఉక్కిరిబిక్కిరై చచ్చిపోతుంది. డబ్బా ఎంత ఖరీదైనదైతే అంత తొందరగా.

తేమ కొలిచే మీటరు లేకపోతే పళ్లు ఉన్నాయి. కంది, శనగ కొరికితే కటుక్కుమని విరగాలి, పంటి గాటు పడితే ఇంకా పచ్చి. చిక్కుడు గింజను రాతి మీద పెట్టి సుత్తితో కొడితే పగిలి ముక్కలవ్వాలి, నలిగితే కాదు. ఇంకో పరీక్ష ఉప్పుతో. పొడి గాజు సీసాలో పావు వంతు బాగా ఎండిన ఉప్పు, దాని మీద గింజలు సగం దాకా పోసి మూత పెట్టి ఊపండి. పది పదిహేను నిమిషాలాగి చూడండి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ 15 శాతం దాటి ఉంది. అంటుకోకపోతే 15 లోపని మాత్రమే అర్థం, చాలినంత ఎండిందని కాదు.

ఆరబెట్టేది పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా, మళ్లీ మూడు తరవాత. మిట్టమధ్యాహ్నం ఎండలో సిమెంటు గచ్చు మీద, రేకు మీద, నల్ల పట్టా మీద పరిస్తే గింజ ఉడుకుతుంది. చేత్తో పట్టుకోలేనంత వేడెక్కితే మొలక దెబ్బతిన్నట్టే. చాప మీదో గుడ్డ మీదో పలుచగా పరిచి, గంటకోసారి కలపండి. సాయంత్రం మంచు పడకముందే ఎత్తి, వేడి చల్లారాక మూయండి.

చిన్న మొత్తాలకు వేయించిన బియ్యం బాగా పనికొస్తాయి. బియ్యాన్ని సన్నని సెగ మీద ఎర్రగా వేయించి, వేడి తగ్గీ తగ్గకముందే సీసా అడుగున పావు వంతు పోసి, అది పూర్తిగా చల్లారాక పైన గుడ్డలో మూటకట్టిన గింజలు పెట్టి బిగించండి. వారం, పది రోజుల్లో బియ్యం తేమ లాగేస్తుంది.

కొన్ని పంటలకు ఈ అడుగే వర్తించదు. మామిడి, పనస, నేరేడు గింజ ఎండిందంటే చచ్చింది. పసుపు, అల్లం, కంద, చేమ దుంపతోనే వస్తాయి. వీటికి బ్యాంకు అంటే తోట. ఊళ్లో ఎవరి గట్టు మీద ఏ చెట్టుందో పుస్తకంలో రాసి, అంట్లు కట్టి, ఇంకో రెండు చోట్ల పెంచడమే.

అయిదో అడుగు: దాచడం

ధాన్యాల కంటే పప్పు గింజల దగ్గరే నష్టం ఎక్కువ. కంది, పెసర, అలసందలను తొలిచే పుచ్చు పురుగు ఇంట్లో పుట్టదు, చేలోనే కాయ మీద గుడ్డు పెట్టి గింజతోపాటే ఇంటికొస్తుంది. నా డబ్బాలో జరిగింది అదే. బయటి నుంచి ఏదీ రాకుండా నేను మూసిపెట్టింది లోపలున్న పురుగునే.

అవ్వ పద్ధతి ఇది. వెదురు బుట్టను లోపలా బయటా పేడ, ఎర్రమట్టి కలిపి అలికి ఎండబెడుతుంది. అడుగున బూడిద, ఎండిన వేపాకు, వావిలాకు. తరవాత ఒక పొర గింజలు, ఒక పొర బూడిద. చివరికి పైన గుడ్డ పరిచి, మళ్లీ పేడమట్టితో మూత అలికి మూసేస్తుంది. బూడిద గింజల మధ్య సందులన్నీ నింపుతుంది, పురుగు కదలలేదు, దాని ఒంటి మీది మైనపు పూతను గీసి ఎండబెడుతుంది. అందుకే చిటికెడు వేస్తే చాలదు, సందులు నిండాలి. కందికి ఎర్రమట్టి నీళ్లలో కలిపి పూసి ఎండబెట్టడం ఇంకో పద్ధతి. కిలోకు 5 మిల్లీలీటర్ల ఆముదమో కానుగ నూనో పట్టించినా గుడ్లు పొదగవు.

ఫ్రిజ్ ఉన్నవాళ్లు బాగా ఎండిన గింజలను గాలి చొరని సీసాలో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో వారం ఉంచితే గుడ్డుతో సహా చస్తుంది. బయటికి తీశాక సీసా గది వేడికి వచ్చేదాకా, కనీసం ఒక పగలు, మూత తీయవద్దు. తీస్తే చల్లటి గింజల మీద చెమట పడుతుంది, అప్పటిదాకా పడ్డ కష్టం పోతుంది.

వేరుశనగను కాయతోనే దాచాలి, ఒలిస్తే నెలల్లో మొలక పడిపోతుంది. కొర్ర, రాగి, సామలు అయిదేళ్లయినా తట్టుకుంటాయి. వంగ, టమాట నాలుగేళ్లు, మిరప రెండు మూడు, వడ్లు ఒకటి రెండు, ఉల్లి మాత్రం ఒక్క ఏడే. ప్రతి డబ్బా లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ పెట్టండి. రకం, పండించిన ఊరు, కోత నెల, సంవత్సరం పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా ఆవిరికి చెరిగిపోతుంది.

గది సంగతి రెండు మాటలు. ఉత్తరం గోడ, పెంకుటిల్లు అయితే మేలు. డబ్బాలు నేల మీద కాకుండా చెక్క మీద, గోడకు జానెడు ఎడంగా. యూరియా, పురుగుమందులు ఆ గదిలోకి రావద్దు.

ఆరో అడుగు: మొలక చూడటం

ఏడాదికి ఒకసారి, విత్తే కాలానికి నెల ముందు, ప్రతి డబ్బాలోంచి 100 గింజలు తీయండి. తక్కువ ఉంటే 25. ఏరి తీయవద్దు, చేతికొచ్చినవే. తడిపిన గోనె గుడ్డ మీద పది వరుసలుగా పేర్చి, చాపలా చుట్టి, నీడలో తడి ఆరకుండా ఉంచండి. కంది, పెసర అయిదారు రోజుల్లో, జొన్న పది రోజుల లోపు, వడ్లు రెండు వారాల లోపు తేలిపోతాయి. వేరు, మొలక రెండూ ఆరోగ్యంగా ఉన్నవే లెక్క.

కోసిన వెంటనే వడ్లు, వేరుశనగ పరీక్షిస్తే మొలవకపోవచ్చు. అవి నిద్రలో ఉంటాయి. చచ్చాయని పారేయకుండా నెలన్నర ఆగి మళ్లీ చూడండి.

వడ్లు 80, జొన్న, కంది 75, వేరుశనగ 70 వస్తే రైతుకు ఇవ్వదగ్గ విత్తనం. 60 వస్తే ఆ సంగతి చెప్పి, మోతాదు పెంచి ఇవ్వండి. అంతకంటే పడిపోతే ఎవరికీ ఇవ్వకండి, ఉన్నదంతా ఆ ఏడే మీరే వేసి కొత్తగా తీయండి. మరో ఏడు చూద్దామని ఆగితే పదకొండు మొలకలే మిగులుతాయి.

ఏడో అడుగు: మూడు చోట్ల ఉంచడం

నల్ల కంది నేర్పింది ఈ అడుగు. ఒక్కచోట ఉన్న రకాన్ని ఉన్నట్టు లెక్క వేయకండి. ఊరి బ్యాంకులో ఒకటి, చేలో ఒకటి, ఇంకో ఊళ్లో ఒకటి. వడగండ్లు, నిప్పు, ఎలుక, చెద ఒకేసారి మూడు చోట్లకూ రావు.

పెద్ద పెద్ద బ్యాంకులకూ ఇదే నియమం. సిరియాలో అలెప్పో దగ్గరున్న ఇకార్డా సంస్థ గోధుమ, బార్లీ, శనగ, మసూరు విత్తనాల బ్యాంకుకు యుద్ధంతో దారులు మూసుకుపోయాయి. అంతకుముందే నకళ్లను నార్వేలో మంచు కొండ లోపల 2008లో తెరిచిన స్వాల్‌బార్డ్ ఖజానాలో దాచారు కాబట్టి, 2015లో వాటిని వెనక్కి తీసుకుని మొరాకో, లెబనాన్‌లలో మళ్లీ పండించారు. ఆ ఖజానా నుంచి విత్తనం బయటికి రావడం అదే మొదలు.

మనకు స్వాల్‌బార్డ్ అక్కర్లేదు. రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. రైతుల రకాలు నమూనాగా తీసుకుంటారు, ఢిల్లీ జన్యు బ్యాంకులో మైనస్ 18 డిగ్రీల దగ్గర దీర్ఘకాలం దాస్తారు. వేల సంఖ్యలో గింజలు, పూర్తి వివరాలు కావాలి. మీ నోటుపుస్తకం అప్పుడు అక్కరకొస్తుంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ బ్యాంకులో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యాలు లక్షకు పైగా నమూనాలున్నాయి. మీ ఊళ్లో పోయిన రకం పేరు అక్కడి పట్టికలో కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఎప్పుడో మీ మండలంలోనే ఎవరో సేకరించి ఉండవచ్చు.

ఇచ్చేటప్పుడు హక్కులు కూడా తెలుసుకోండి. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు పేరు పెట్టి అమ్మడం మాత్రం కుదరదు. రైతుల రకాలను ఊరి పేరున నమోదు చేయించుకోవచ్చు, దానికి రుసుము లేదు. ఇలా రకాలు కాపాడిన సమాజాలకు ఆ చట్టం కింద ప్లాంట్ జీనోమ్ సేవియర్ అవార్డు, 10 లక్షల రూపాయలు, ఉంది. పంచాయతీలోని జీవవైవిధ్య కమిటీ ప్రజా రిజిస్టర్‌లోనూ మీ రకాల పేర్లు ఎక్కించండి. రేపు ఎవరైనా ఆ రకం తమదంటే చూపించడానికి ఒక కాగితం ఉంటుంది.

ఎనిమిదో అడుగు: ఇవ్వడం, తీసుకోవడం

బ్యాంకు పని ఏరువాకతో మొదలవుతుంది. ఎకరా జొన్నకు నాలుగు కిలోలు, కొర్రకు రెండు, కందికి రెండు మూడు, నాటే వరికి ఇరవై కిలోల పైన కావాలి. మొదటి ఏడు ఎకరాలకు ఎకరాలు ఇచ్చేంత ఉండదు. రకానికి మానెడు చొప్పున పదిమందికి ఇవ్వడం, ఒక్కరికే బస్తా ఇవ్వడం కంటే మంచిది.

తీసుకున్నవాళ్లు కోత తరవాత ఒకటికి ఒకటిన్నరో రెండో తెచ్చివ్వాలి. ఊరు కూర్చుని ఏదో ఒకటి అనుకోండి. పైసలు వద్దు, గింజలే. వచ్చిన గింజలను కుప్పలో కలపకముందు వేరుగా ఉంచి, రంగు, పురుగు, మొలక చూసి, అప్పుడు కలపండి. ఒక్కరి చేలో బెరుకు పడితే అది అందరి విత్తనంలోకి పాకకుండా ఇదొక్కటే అడ్డు.

ఇచ్చిన రకాన్ని వండి తినేలా కూడా చూడండి. సంక్రాంతికో ఉగాదికో అందరూ తలా ఒక వంట తెచ్చుకునే రోజు పెట్టుకోండి. పచ్చ జొన్న రొట్టె తిన్న ఇల్లు మరుసటి ఏడు పచ్చ జొన్న విత్తనం అడుగుతుంది. బడి పిల్లలను పిలవండి, గింజలు చేతిలో పోసి పేర్లు చెప్పించండి.

ఇక చివరిది, పుస్తకంలో అన్నిటికంటే జాగ్రత్తగా రాయాల్సిన పేజీ. ఏ ఏడైనా వాన పడక ఒకరి చేను మాడిపోతే, తెచ్చివ్వడానికి వాళ్ల దగ్గర గింజ ఉండదు. సిగ్గుపడి ఆ ఏడు బ్యాంకు వైపు రారు. మీరే వాళ్లింటికి వెళ్లండి. వాళ్ల పేరు ఎదురుగా బాకీ గడి ఖాళీగా వదిలి, "చేను పోయింది" అని మాత్రం రాసి, అదే రకం మళ్లీ మానెడు కొలిచి ఇచ్చి రండి.